మొత్తం వేయని పట్టిక

ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే కాలేజీ లైబ్రరీలో కూర్చున్న మనిషికి చెప్పుకోవడానికి ఏముంటుందని మీరు అనుకుంటూ ఉండవచ్చు. అనుకోండి, నాకేం కోపం రాదు. నిజానికి వస్తుంది. మా లైబ్రరీలో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు, నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని. ఆ కోపం వల్ల కొన్ని పనులు చెడ్డాయి, కొన్ని బాగుపడ్డాయి. ఇవాళ రాస్తున్నది బాగుపడిన సంగతి. కాకపోతే అది బాగుపడక ముందు నేనే స్వయంగా, నా చేతులతో, ఎంతో శ్రద్ధగా పాడుచేశాను. కాలేజీ లైబ్రరీల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు దీన్ని చదువుతారన్న ఆశతో ఆ పాడుచేసిన భాగం కూడా దాచకుండా చెబుతున్నాను.

మాది రావులపాలేనికి దగ్గరలో ఉన్న డిగ్రీ కాలేజీ. నేను రామచంద్రపురం నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. సెంటరు దగ్గర అరటి గెలల లారీలు అడ్డం పడి బస్సు ఆగిపోతే అక్కడి నుంచే ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేసి, "ఇవాళ గెలలు అడ్డమండి" అని చెప్పేదాన్ని. చక్కెరకేళా, కర్పూరమా అని ఆయన అడిగేవారు. మా మధ్య ఆ మాత్రం సరసం ఉండేది. పనిలోకి వచ్చేసరికి మాత్రం ఇద్దరమూ పట్టుదల మనుషులమే.

లెక్చరర్లకు ప్రొఫెసర్ హోదా ఇవ్వాలంటే బయటి నుంచి నిపుణులతో ఒక కమిటీ వస్తుంది. వాళ్ళు వచ్చేలోపు, ఎవరు ఎన్ని పరిశోధన పేపర్లు రాశారు, ఆ పేపర్లను వేరేవాళ్ళు తమ పేపర్లలో ఎన్నిసార్లు ఉదహరించారు అన్నది పట్టికగా తయారుచేసి పెట్టాలి. ఉదహరించడాన్ని సైటేషన్ అంటారు. ఈ పని లైబ్రరీకి అప్పగించారు. నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. అప్పటిదాకా మమ్మల్ని పుస్తకాలు కాపలా కాసేవాళ్ళుగా చూసినవాళ్ళు, ఇప్పుడు మా ముందు నిలబడి "నాకు ఎన్ని వచ్చాయండీ మేడం?" అని అడుగుతున్నారు. బాగుండదా మరి?

మేము చందా కట్టి తెప్పించుకునే పెద్ద విదేశీ డేటాబేస్ ఒకటి ఉండేది. అందులో పేరు కొడితే పేపర్లు, సైటేషన్లు, చివర ఒక స్కోరు వచ్చేవి. ఆ స్కోరు ఎలా వచ్చిందో, ఏ జర్నళ్ళను లెక్కలోకి తీసుకున్నారో, ఏవి వదిలేశారో మనకు కనబడదు. నేను అడగనూ లేదు. వచ్చిన అంకెలను రంగురంగుల గళ్ళలో పేర్చి, కింద మొత్తం వేసి, పక్కన ర్యాంకు రాసి, లామినేషన్ చేయించి మరీ ఇచ్చాను.

ఆ ఏడు ఇద్దరు అర్జీ పెట్టుకున్నారు. ఒకరు కెమిస్ట్రీ లెక్చరరు. ఆయనకు ముప్పై ఎనిమిది పేపర్లు. రెండో ఆయన బోటనీ మాస్టారు. ఆయనకు రెండు. కమిటీవాళ్ళు అరగంటలో పని ముగించి, పూతరేకులు తిని, కారెక్కి వెళ్ళిపోయారు. "ఏం పట్టికండీ మేడం! ఒక్క ప్రశ్న కూడా అడగలేదు వాళ్ళు" అన్నారు ప్రిన్సిపాల్ గారు. కెమిస్ట్రీ ఆయన ప్రొఫెసర్ అయ్యారు. నేను ఆ రోజంతా గాల్లో తేలుతూ తిరిగాను.

బోటనీ మాస్టారి గురించి చెప్పాలి. నోట్లో నాలుక లేని మనిషి. వాళ్ళ అమ్మానాన్న అరటి తోటల్లో కూలికి వెళ్ళేవారు. ఊళ్ళో చర్చి బడిలో అక్షరాలు దిద్ది, తోటల్లో గెలలు మోసి చదువుకున్న మనిషి. ప్రతి శనివారం మధ్యాహ్నం మోపెడ్ మీద గోదావరి పాయల మధ్య లంకల్లోకి వెళ్ళి, అరటి ఆకులు తిరగేసి చూసి, నోటుబుక్కులో రాసుకునేవారు. ఆకుమచ్చ తెగులు ఏ ఆకు మీద మొదట కనబడింది, వాన పడిన ఎన్నో రోజున కనబడింది, గాలి ఎటు ఉంది, ఇవన్నీ. పన్నెండేళ్ళు ఒక్క శనివారం మానలేదు. క్రిస్మస్ శనివారం వస్తే పొద్దున్నే ఆరాధనకు వెళ్ళి, మధ్యాహ్నం లంకకు వెళ్ళేవారని వాళ్ళావిడ నవ్వుతూ దెప్పేవారు. అందులో తేలిన సంగతులు ఏడాదికోసారి తెలుగులో బులెటిన్‌గా వేసి, చివరి పేజీలో ఇంగ్లీషులో పది లైన్లు రాసి, అరటి మార్కెట్‌లో పంచేవారు. మందు ఎప్పుడు కొట్టాలో, ఎప్పుడు కొట్టక్కర్లేదో ఆ బులెటిన్ చూసుకుని నిర్ణయించుకునే రైతులు చాలామంది ఉండేవారు.

పట్టిక వెళ్ళిన మర్నాడు ఆయన పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి వచ్చారు. "పట్టిక చాలా నీట్‌గా ఉందండి" అన్నారు.

"థాంక్సండి" అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నాకు తల కొట్టేసినట్టుంటుంది.

ఆయనకు ఏం పోయిందో అప్పుడు నేను ఆలోచించలేదు. ప్రొఫెసర్ హోదా ఉంటేనే పరిశోధన విద్యార్థులను తీసుకునే గుర్తింపు వస్తుంది. ఆయనకు ఇక నాలుగేళ్ళ సర్వీసు ఉంది. కమిటీ మళ్ళీ రెండేళ్ళకు గానీ రాదు. అప్పుడు కూడా హోదా రాకపోతే ఆయన రిటైరైన శనివారంతో ఆ లంకల రికార్డు ఆగిపోతుంది. కాలేజీ వెనక ఆయన పెంచుతున్న అరటి మడిని తీసేసి బైకులకు షెడ్డు వేయాలని మేనేజ్‌మెంట్ అప్పటికే కొలతలు తీసుకుంది.

కొన్ని నెలలు గడిచాక లైబ్రరీకి ఆఫ్రికాలో అరటి పండించే ఒక దేశం నుంచి ఈమెయిల్ వచ్చింది. ఒక పరిశోధకురాలు రాసింది. మీ కాలేజీ నుంచి అరటి ఆకుమచ్చ తెగులు మీద వెలువడిన ఫలానా బులెటిన్ ప్రతి కావాలి, దయచేసి పంపగలరా అని. ఎవరేమడిగినా అదే రోజు జవాబివ్వడం నా అలవాటు. యాక్సెషన్ రిజిస్టరు తీశాను. లైబ్రరీకి వచ్చే ప్రతి పుస్తకానికీ వరసగా ఒక నంబరు వేసి అందులో రాస్తాం. ఆ నంబరు ఉంటేనే ఆ పుస్తకం ఉన్నట్టు. ఏటా స్టాకు తనిఖీకి వచ్చేవాళ్ళు కూడా ఆ నంబర్లనే చూస్తారు. రిజిస్టరు మొత్తం వెతికాను, బులెటిన్ లేదు. "మీరు అడిగిన ప్రచురణ మా లైబ్రరీలో లేదు. అటువంటిది మా కాలేజీ నుంచి వెలువడినట్టు మా రికార్డుల్లో కూడా లేదు" అని చక్కటి ఇంగ్లీషులో రాసి పంపించి, చేతులు దులుపుకున్నాను.

మా అటెండరు నాకంటే ముందు నుంచి ఆ లైబ్రరీలో ఉన్న పెద్దావిడ. రిజిస్టర్లు సర్దుతూ, "ఏంటండీ అంత ఇదిగా వెతికారు?" అని అడిగింది. చెప్పాను.

"అరిటాకు మచ్చల కాయితాలేనాండి? అయ్యి బీరువా మీద ఉన్నాయి కదండి" అంది.

"ఏ బీరువా మీద?"

"మాస్టారు వచ్చినప్పుడల్లా రెండేసి ఇచ్చేవోరు కదండి. మీరేమో, దీనికి నంబరు వెయ్యం, పైన పడెయ్యి అనేవోరు."

"నేనా? పడెయ్యమన్నానా?"

"ఆయ్. అన్నారండి. నేనే పడేశాను."

స్టూలు వేసుకుని ఆవిడే దింపింది. అరటి నారతో పొందిగ్గా కట్టిన కట్ట. పన్నెండు బులెటిన్లు, ఒక్కొక్కటి రెండేసి ప్రతులు. మాలో ఒక ఆచారం ఉండేది. కొన్నవాటికీ, అట్ట ఉన్నవాటికీ నంబరు వేస్తాం. పల్చటి కాగితాలు, ఊరికే ఇచ్చినవి, తెలుగులో వేసినవి పాంఫ్లెట్ల కిందకు వస్తాయి, వాటికి నంబరు ఉండదు. నాకు ముందున్న లైబ్రేరియన్ అలాగే చేశారు, నేనూ అలాగే చేశాను. మా సొంత మాస్టారి పన్నెండేళ్ళ పని నా నెత్తి మీదే ఉంటే, అటువంటిది లేదని నేను ఖండాంతరాలకు జవాబు రాశాను. దానికంటే ముందు ఆయనకు రెండే పేపర్లని పట్టిక వేసి, లామినేషన్ చేయించాను. ఆ విదేశీ డేటాబేస్ చేసిన పని, నేను చేసిన పని ఒకటే. మా రిజిస్టర్లో లేనిది లోకంలో లేదనుకున్నాం.

సిగ్గేసింది. సిగ్గు వస్తే నాకు కోపం వస్తుంది. ఆ కోపంలోనే ఆఫ్రికా ఆవిడకు క్షమాపణ రాసి, బులెటిన్ల ఫోటోలు పంపాను. అసలు ఈ బులెటిన్ సంగతి మీకెలా తెలిసిందని అడిగాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. మన దేశంలోనే వ్యవసాయ విద్యార్థి ఎవరో తన థీసిస్‌లో దాన్ని ఉదహరించారట. ఎవరు ఎవరిని ఉదహరించారో తెలిపే వివరాలను ఎవరైనా ఉచితంగా చూసుకునేలా, తప్పుంటే సరిచేసుకునేలా ఉంచే బహిరంగ వ్యవస్థలు ఉన్నాయట. అక్కడ దొరికిందట. "మీ కాలేజీకి రిపోజిటరీ లేదా?" అని చివర్లో మర్యాదగా అడిగింది. లేదు. అదేంటో కూడా నాకు సరిగ్గా తెలియదు.

తెలుసుకున్నాను. కాలేజీలో పుట్టిన ప్రతి కాగితాన్నీ అందరికీ తెరిచి ఉంచే అలమర అది. సాఫ్ట్‌వేర్ ఉచితం. కొన్ని లైబ్రరీలు కలిసి ఉమ్మడిగా నడుపుకునే సర్వరులో చోటు ఇస్తారు. పెట్టిన ప్రతిదానికీ ఒక శాశ్వత నంబరు వస్తుంది. ఆ నంబరుతో ఎవరు ఉదహరించినా అది బహిరంగ లెక్కలోకి చేరుతుంది. రాసినవాళ్ళకూ ఒక్కొక్కరికి ఒక నంబరు. యాక్సెషన్ రిజిస్టరే, కాకపోతే పల్చటి కాగితాన్ని బీరువా మీదికి విసరదు. యాభై ఆరేళ్ళ వయసులో అవన్నీ నేర్చుకోవడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. గర్వంగానే చెబుతున్నాను.

ప్రిన్సిపాల్ గారి దగ్గరకు వెళ్ళాను. "తెలుగు కరపత్రాలకి ఇంత హడావిడేంటండీ మేడం?" అన్నారు.

"కరపత్రాలు కాదండి, బులెటిన్లు."

"ఏవైతేనేం, వాటికి మార్కులు రావు కదండి."

"మార్కులు రాకపోతే పోనివ్వండి. అవి బీరువా దిగి బయటకి రావాలి కదండి."

ఆయన నవ్వేసి, కంప్యూటర్ ల్యాబులో పక్కన పడేసిన ఒక మిషను, ఒక స్కానరు ఇచ్చారు. మీ సరదా ఎందుకు కాదనాలి అన్నట్టు ఇచ్చారు. తీసుకున్నాను.

బోటనీ మాస్టారికి చెప్పాను. ఈమెయిల్ చదివి, "ఆఫ్రికాలోనా అండి?" అని రెండుసార్లు అడిగారు. మర్నాడు నోటుబుక్కులన్నీ సంచిలో వేసుకుని వచ్చారు. బులెటిన్లతో పాటు వాటి వెనక ఉన్న రాతలు కూడా పెడితేనే ఎవరైనా సరిచూసుకోవడానికి వీలవుతుందని నేనే అడిగాను. రోజూ క్లాసులయ్యాక గంటసేపు కూర్చునేవాళ్ళం. అటెండరు పేజీలు తిప్పేది, నేను స్కాన్ చేసేదాన్ని, ఆయన ఏ పేజీ ఏంటో చెబితే రాసుకునేదాన్ని. వానలో తడిసిన పేజీలు, అరటి పాలు అంటి మరకలు పడిన పేజీలు. అలా వెళుతూ వెళుతూ ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. ఎర్ర పెన్నుతో పెద్దక్షరాలతో ఉంది: "నేను చెప్పింది తప్పయింది. నా మాట నమ్మి మందు కొట్టకుండా ఆగినవాళ్ళు నష్టపోయారు."

ఆ ఏడు లంకల్లోకి వరద ముందే వచ్చిందట. తేమ పట్టేసి, ఆయన బులెటిన్లో చెప్పిన రోజుకంటే చాలా ముందే తెగులు వచ్చేసిందట. ఒక లంకలో గెలలు నాసిగా వచ్చాయట.

"ఈ పేజీ తీసేద్దామండి" అన్నాను.

"ఎందుకండి?"

"కమిటీ చూస్తే మీకే దెబ్బ కదండి. ఒక్క పేజీయే కదా, ఎవరికి తెలుస్తుంది?"

అంతవరకు ఆయన గొంతు పెరగడం నేను వినలేదు. "అది తీసేస్తే మిగతావి ఎందుకండి? అవీ తీసెయ్యండి" అన్నారు. "ఆ ఏడు చూసే కదండి తర్వాత లెక్క మార్చుకున్నాను. అది లేకపోతే ఆ మార్పు ఎలా వచ్చిందంటారు చూసేవాళ్ళు?"

ఆయన మంచికోరి చెబితే నా మీదే అరుస్తారా అని నాకు ఉక్రోషం వచ్చింది. రెండు రోజులు మాట్లాడలేదు. మధ్యలో అటెండరు, "మాస్టారన్నది నిజమే కదండి, మీరే మొండికేస్తున్నారు" అని మొహం మీదే అంది. మూడో రోజు ఆ పేజీ స్కాన్ చేసి, తక్కినవాటితో పాటు పెట్టేశాను.

ఈలోగా కెమిస్ట్రీ ప్రొఫెసర్ గారు వచ్చారు. అప్పటికి ఆయన కాలేజీ పరిశోధన విభాగానికి కన్వీనరు కూడా. "నావి కూడా పెట్టండి మేడం, నాకు ముప్పై ఎనిమిది ఉన్నాయి కదా" అన్నారు. పెట్టాను. పెట్టాక ఎవరు ఎవరిని ఉదహరించారో వరసంతా బయటికి కనబడింది. చందా డేటాబేస్‌లో స్కోరు మాత్రమే చూసేవాళ్ళం. ఇక్కడ ఆ స్కోరు వెనక మనుషులు కనబడ్డారు. ఆయన పేపర్లను ఉదహరించినవి చాలావరకు ఆయన పేపర్లే, లేకపోతే ఆయన, ఆయన స్నేహితులు కలిసి రాసుకున్నవే. నేను నోరుజారే మనిషినే గానీ అంత దుర్మార్గురాలిని కాదు. ఎవరూ లేనప్పుడు ఆయన్నొక్కణ్ణే కూర్చోబెట్టి చూపించాను.

ఆయన మొహం ఎర్రబడింది. "అందరూ చేసేదే కదండీ ఇది. పట్టికలో అంకె కావాలని అడిగింది మీరే కదా" అన్నారు. ఆయన అన్నది అబద్ధం కాదు.

"ఇది కూడా చూడండి మరి" అని ఇంకో వరస చూపించాను. ఆయన పిహెచ్‌డీ రోజుల్లో డెల్టా కాలవల నీళ్ళ మీద రాసిన ఒక పాత పేపరు, బహిరంగ లెక్కలో బయటపడింది. చిన్న జర్నల్‌లో వేసుకున్నది కాబట్టి చందా డేటాబేస్‌లో లేదు, కాబట్టి నా పట్టికలోనూ లేదు. దాన్ని మాత్రం ముక్కూ మొహం తెలియనివాళ్ళు, ఎక్కడెక్కడి వాళ్ళో ఉదహరిస్తూనే ఉన్నారు. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. లేచి వెళ్ళిపోయారు. వారం తర్వాత వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, "ఆ కాలవ పేపరు పైన పెట్టండి మేడం. తక్కినవి కింద ఎక్కడున్నా ఫర్వాలేదు" అన్నారు. ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది ఆ రోజే.

రెండేళ్ళు తిరిగి కమిటీ వచ్చింది. ఈసారి అర్జీ పెట్టింది బోటనీ మాస్టారొక్కరే. పట్టిక మళ్ళీ నన్నే అడిగారు. చేశాను. ఒక్కొక్క బులెటిన్, దాని శాశ్వత నంబరు, దాన్ని ఎవరు ఎక్కడ ఉదహరించారు, దాని వెనక నోటుబుక్కు ఏది, అన్నీ ఒక్కొక్క లైనులో రాశాను. బహిరంగ లెక్కలో కూడా అన్నీ ఉండవు, తెలుగులో వేసినవాటిని ఉదహరించినా నంబరు లేకపోతే జారిపోతాయి, ఆ సంగతి కూడా కింద రాశాను. ర్యాంకు వేయలేదు. లామినేషన్ చేయించలేదు.

చైర్మన్ గారు వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్ద సైంటిస్టు, తెలుగాయనే. కమిటీలో ఒక పక్క ప్రిన్సిపాల్ గారు, ఇంకో పక్క కన్వీనరుగా కెమిస్ట్రీ ప్రొఫెసర్ గారు కూర్చున్నారు. నన్ను వివరాలు చెప్పడానికి పిలిచారు. బోటనీ మాస్టారు బయట బల్ల మీద ఇస్త్రీ చొక్కాతో కూర్చుని ఉన్నారు. చైర్మన్ గారు నా కాగితాలు అటూ ఇటూ తిప్పారు.

"మేడం, ఆఖరి పేజీ మిస్సయినట్టుందండి. మొత్తం ఎక్కడ?"

"మొత్తం వేయలేదండి."

"టైం చాల్లేదా?"

"చాలిందండి. కావాలనే వేయలేదు."

ప్రిన్సిపాల్ గారు నన్ను కళ్ళతోనే బతిమాలారు. నేను ఆయన వైపు చూడడం మానేశాను.

"కిందటిసారి పట్టిక కూడా నేనే చేశానండి" అన్నాను. "దానికి మొత్తం వేశాను, ర్యాంకు కూడా వేశాను. అది తప్పు పట్టిక. ఈ మాస్టారి పన్నెండు బులెటిన్లు మా బీరువా మీద ఉండగా, నంబరు లేదని నేను లేనట్టే లెక్కేశాను. దాన్ని చూసే ఆయనకి హోదా ఇవ్వలేదు. మళ్ళీ ఇంకో అంకె ఇచ్చి అదే పని చెయ్యలేనండి."

"బాగానే ఉందండి. మరి మేం మార్కులెలా వెయ్యాలి? మీరే చెప్పండి" అన్నారాయన, కొంచెం వెటకారంగా.

"చదివి వెయ్యండి" అన్నాను.

అనేశాక నాలుక కరుచుకున్నాను. అంత పెద్దాయనతో అలాగేనా మాట్లాడడం! ప్రిన్సిపాల్ గారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. మాస్టారి అవకాశం నా నోటి దురుసు వల్ల పోయిందే అనుకున్నాను.

అప్పుడు కెమిస్ట్రీ ప్రొఫెసర్ గారు గొంతు సవరించుకున్నారు. "సార్, కిందటిసారి ఆ పట్టికతో హోదా వచ్చింది నాకేనండి. అప్పుడు నా పేపర్లు కూడా ఎవరూ చదవలేదు. ఈయనవైనా చదవండి" అన్నారు.

చైర్మన్ గారు ఆయన్ని చూశారు, నన్ను చూశారు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, "తెరవండి" అన్నారు.

కంప్యూటరులో రిపోజిటరీ తెరిచాను. ఆయన మొదటి బులెటిన్ చదివారు, రెండోది చదివారు. నోటుబుక్కులు తిప్పించారు. ఒకసారి టీ వచ్చి చల్లారిపోయింది, రెండోసారి వచ్చినదీ చల్లారిపోయింది. నేను నిలబడే ఉన్నాను. ఎర్ర పెన్ను పేజీ దగ్గరకొచ్చేసరికి ఆయన ఆగిపోయారు. "ఆయన్ని పిలవండి" అన్నారు.

మాస్టారు వచ్చి నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఈ పేజీ ఎవరు పెట్టారండీ?"

"నేనే పెట్టమన్నానండి."

"ఇది మీకు నష్టం కదా?"

"నష్టం లంకలో రైతులకి జరిగిందండి. నాకేముంది, రాసుకోడమే కదండి."

ఆ బులెటిన్లను ఉదహరిస్తూ ఆఫ్రికా పరిశోధకురాలు రాసిన పేపరును చైర్మన్ గారు నా పట్టికలోంచి తెరిచి చదివారు. తర్వాత స్క్రీను నావైపు తిప్పి, "మేడం, ఆఫ్రికా నుంచి వచ్చిన పేపరు మీరు చదివారా?" అని అడిగారు. ఉదహరించినట్టు రాసుకున్నాను గానీ చదవలేదు. అదే చెప్పాను. "చదవండి" అన్నారు నవ్వుతూ. ఆ పరిశోధకురాలి నేలలో కూడా వరద ముందే వస్తుందట. ఆవిడ మాస్టారి పన్నెండేళ్ళ రాతల్లోంచి తీసుకున్నది సరిగ్గా ఆ తప్పయిన ఏడాదినే. దాన్ని ఆధారం చేసుకునే తన లెక్క కట్టింది, ఆ మాట పేపర్లో విడిగా రాసింది. నేను తీసేద్దామన్న పేజీ అది. చదివి వెయ్యండి అని అందరికీ చెప్పిన నేను చదవలేదు. బోటనీ మాస్టారు నావైపు చూడనైనా చూడలేదు, ఆయన మంచితనం అది.

హోదా వచ్చింది. ఆర్డరు కాగితం చేతికొచ్చిన రోజు ప్రిన్సిపాల్ గారు లైబ్రరీకి వచ్చి, "మేడం, చైర్మన్ గారు మన రిపోజిటరీని మెచ్చుకున్నారండి" అన్నారు. మన రిపోజిటరీ! రెండేళ్ళ కిందట అది నా సరదా. పోనివ్వండి, నాకేం అభ్యంతరం. షెడ్డు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మాస్టారి దగ్గర తుని నుంచి ఒక అమ్మాయి పరిశోధనకు చేరింది. శనివారాలు ఆ అమ్మాయి స్కూటీ ముందు, ఆయన మోపెడ్ వెనక.

మాస్టారు మాత్రం కొత్త బులెటిన్ రెండు ప్రతులు పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టారు. "దీనికి నంబరు వేస్తారా అండి?" అన్నారు. ఆ అడగడంలో ఎత్తిపొడుపు ఏమీ లేదు, ఆయనకు అది చేతకాదు. యాక్సెషన్ రిజిస్టరు తీసి, పాతవాటన్నిటికీ ఈ కొత్తదానికీ వరసగా నంబర్లు వేశాను. రాస్తుంటే కళ్ళు మసకబారి ఒక లైను వంకర వెళ్ళింది. అటెండరు చూసి, "ఏటండీ మేడంగారు, గీత సరిగ్గా రాయడం మర్చిపోయారా?" అని ఏడిపించింది.

నేను రిటైరయ్యే నెలలో మాస్టారు ఒక మాట అన్నారు. "మీరూ ఒకటి పెట్టండి మేడం అందులో."

"నేనేం పరిశోధన చేశానండి పెట్టడానికి?"

"కిందటి పట్టిక ఉంది కదండి. తప్పయిందని రాసి పెట్టండి. చూసినవాళ్ళు జాగ్రత్తపడతారు."

నాకు మళ్ళీ కోపం వచ్చింది. ఈసారి రెండు రోజులు పట్టలేదు, సాయంత్రానికే తగ్గింది. ఆ లామినేషన్ పట్టికను స్కాన్ చేసి, అది ఎలా తప్పయిందో, ఏ బీరువా మీద ఏముందో, ఆఫ్రికాకు నేను రాసిన జవాబుతో సహా రెండు పేజీల్లో తెలుగులో రాసి, కింద పది లైన్లు ఇంగ్లీషులో చేర్చి పెట్టేశాను. లోకంలో నా పేరు మీద శాశ్వత నంబరు ఉన్న కాగితం అదొక్కటే. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసుకు నేను గర్వంగా చూపించుకునేదీ అదే.

మొన్న వర్షాల్లో కెమిస్ట్రీ ప్రొఫెసర్ గారి నుంచి ఫోను వచ్చింది. "మేడం, శుభవార్తండి. మీ తప్పు పట్టికని ఎవరో సైట్ చేశారు!"

ఇంత జరిగినా, పెద్దదాన్నయినా, నా నోట్లోంచి ముందు వచ్చిన మాట ఒకటే. "ఎన్ని వచ్చాయండీ?"

అవతల ఆయన పకపకా నవ్వారు. "చెప్పనండి. చదవండి" అని ఫోను పెట్టేశారు.

కళ్ళజోడు పెట్టుకుని చదవడానికి కూర్చున్నాను.